గ్రంథాలయాల ఉమ్మడి పాఠాలు

కోనసీమలో ఒక శాఖా గ్రంథాలయానికి ఈమధ్య వేరొక పనిమీద వెళ్ళి, ఉదయం ఎనిమిది గంటలు మొదలు పదకొండు వరకు అక్కడ కూర్చోవలసి వచ్చినది. పత్రికల బల్లచుట్టూ నిత్యం వచ్చే పెద్దలు ఉన్నారు. లోపలి గదిలో ఉద్యోగ పరీక్షలకు చదువుకొనే యువతీ యువకులు పదిహేనుమంది వరకు ఉన్నారు. ఇందరికీ గ్రంథపాలకురాలు ఒక్కరే. పుస్తకం ఇచ్చేది ఆమె, తిరిగి పుచ్చుకొనేది ఆమె, తలుపు తాళం తీసేది కూడా ఆమెయే. ఆ మూడు గంటలలో ఆమె ఒకే సంగతిని తొమ్మిదిమందికి తొమ్మిదిసార్లు వివరించడం మేము లెక్కపెట్టాము. జాతీయ డిజిటల్ గ్రంథాలయంలో పేరు ఎట్లా నమోదు చేసుకోవాలి, పుస్తకం ఎట్లా వెతకాలి, దొరికినదానిని తెరమీద ఎట్లా తెరవాలి, ఇదీ ఆ సంగతి.

విసుగు రాదా అమ్మా అని అడిగాము. "ఆయ్, విసుగెందుకండీ? నేను చెప్పకపోతే నెట్ సెంటరుకు పోతారండి" అన్నారామె.

ఆ మాటకు అర్థం అక్కడనే కూర్చున్న ఒక అమ్మాయి వలన తెలిసినది. ఆమె ఉపాధ్యాయ నియామక పరీక్షకు చదువుకొంటున్నది. తనకు కావలసిన ఒక పాత వ్యాకరణ గ్రంథం ఏ అంగడిలోనూ దొరకక, ఒక నెట్ సెంటరులో పుటకింత అని డబ్బిచ్చి అచ్చు తీయించుకొన్నది. ఆ పుస్తకం అంతర్జాలంలో ఎవరైనా ఉచితంగా చదువుకొనదగినదే. నీవు వెతకలేదా అంటే వెతికానన్నది. తెలుగు లిపిలో పేరు టైపు చేసి వెతికినది, ఏమీ రాలేదు. లేదనుకొన్నది. ఎందుకు రాలేదో ముందుకు పోయినకొద్దీ తెలుస్తుంది. కొబ్బరి తోటలో కూలి చేసుకొనే ఇంటి పిల్ల, లేని డబ్బు పెట్టి, ఉచితంగా దొరికే వస్తువును కొన్నదన్న సంగతి మాత్రం మమ్ము ఇంటికి వచ్చిన తరువాత కూడా వదలలేదు.

గ్రంథపాలకురాలు తొమ్మిదిసార్లు చెప్పిన దానిని ఒక్కసారి చెప్పి నిలువ చేయవచ్చును. ఈ ఉపాయం ప్రపంచంలో పలుచోట్ల గ్రంథపాలకులకు తోచినది. కంప్యూటరు తెరమీద జరిగే పనిని జరిగినది జరిగినట్లు పట్టి, దానికి మాట జోడిస్తే అయిదు నిమిషాల వీడియో పాఠం అవుతుంది. చెప్పేవారి ముఖం కనబడనక్కరలేదు. బాణపు గుర్తు కదలుతుంది, గడిలో అక్షరాలు పడతాయి, కంఠం వివరిస్తూ ఉంటుంది. చూచేవారు అర్థం కానిచోట ఆపుతారు, వెనుకకు పోతారు, మళ్ళీ వింటారు. రేడియో ప్రసంగం చేసే మావంటివారికి ఈ భాగ్యం లేదు. గాలిలో కలిసిన మాటను శ్రోత తిరిగి వినాలంటే పునఃప్రసారం దాకా ఆగవలసినదే.

అయితే ఆ అయిదు నిమిషాల పాఠం తయారు కావడానికి అయిదు నిమిషాలు చాలవు. ఏమి చెప్పాలో వ్రాయాలి, తెరమీద ఏది ఎప్పుడు కనబడాలో నిర్ణయించాలి, చదవాలి, తప్పు పోతే మళ్ళీ చదవాలి, రెండింటినీ అతకాలి. ఒంటిచేత్తో గ్రంథాలయం నడిపేవారికి ఇది వారం రోజుల పని. అదే పాఠాన్ని అమలాపురంలో ఒకరు, రాజోలులో ఒకరు, కొత్తపేటలో మరియొకరు వేరువేరుగా తయారు చేయడమంటే ముగ్గురి శ్రమతో ఒక్క ఫలం పొందడం. కాబట్టి పాఠం చేయడం కంటె పాఠం పంచుకోవడమే అసలు సమస్య అయినది.

పంచుకోవడం ఆంధ్రదేశపు గ్రంథాలయాలకు క్రొత్త కాదు. తూర్పు గోదావరిలోని కొంకుదురులో 1890లో పుట్టిన అయ్యంకి వెంకట రమణయ్య గారు ఈ ఉద్యమానికి మూలపురుషులలో ఒకరు. 1914 ఏప్రిల్‌లో విజయవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి అధ్యక్షతను జరిగిన సభలో, ఊరూరా విడివిడిగా ఉన్న గ్రంథాలయాలన్నిటికీ ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం అనే ఒక గొడుగు ఏర్పడినది. ఆ తరువాత కొద్దికాలానికే వెలువడిన 'గ్రంథాలయ సర్వస్వము' పత్రిక ఒక ఊరివారి అనుభవాన్ని ఇంకొక ఊరివారి బల్లమీదికి చేర్చినది. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా డెల్టా కాలువలలో పుస్తకాల పెట్టెలతో పడవను నడిపించారు. ఒక్క పెట్టెలోని పుస్తకాలు రేవురేవునా చేతులు మారడమే ఆ పడవ గ్రంథాలయం. మా కోనసీమ పెద్దలకు ఆ దృశ్యం ఊహించుకోవడం కష్టం కాదు. గౌతమికి వసిష్ఠకు నడుమ ఉన్న ఈ లంకలలో ధాన్యమూ కొబ్బరీ ఎన్నో యేండ్లు కాలువ దారినే ప్రయాణం చేసినవి.

ఆ నాగభూషణం గారే గ్రంథాలయ నిర్వాహకులకు శిక్షణ తరగతులు కూడా నడిపారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ గ్రంథాలయ శాస్త్రపు చదువు 1935లోనే ఆరంభమైనది. తరగతి వచ్చినవారికే ఉపయోగం. పత్రిక రానివారికి కూడా చేరుతుంది కాని, చేతితో చేసే పనిని చేసి చూపలేదు. వీడియో పాఠంలో ఈ రెండు గుణాలూ ఉన్నవి. దానికి ఉన్న రోగం వేరు. అది త్వరగా పాతబడుతుంది. ఆ రోగం ఎట్లాంటిదో కెనడావారి అనుభవం వలన తెలిసినది.

కెనడా పశ్చిమ రాష్ట్రాలలోని విశ్వవిద్యాలయ గ్రంథాలయాలకు కోపల్ అనే సమాఖ్య ఉన్నది. 2000 తరువాతి తొలి దశాబ్దంలో ఆ సమాఖ్య నీడన 'యాంట్స్' అనే ఉమ్మడి ప్రయత్నం ఒకటి బయలుదేరినది. కదిలే బొమ్మల పాఠాల పంపకం అనే అర్థంగల ఇంగ్లీషు మాటల తొలి అక్షరాలు కూర్చిన పేరు అది. ఇంగ్లీషులో ఆ మాటకు చీమలని కూడా అర్థం. పేరు పెట్టినవారికి హాస్యం తెలుసు. గ్రంథాలయాలన్నీ ఇంచుమించు అవే పరిశోధన పత్రికలకు, అవే విషయసూచికలకు చందాలు కడుతున్నవి. ప్రతివారూ వాటిని వాడే పద్ధతిమీద అదే పాఠం చేసుకొంటున్నారు. ఇన్ని చేతులు ఒకే పని ఎందుకు చేయాలన్నది వారి ప్రశ్న.

వారి ఆలోచనలో మాకు నచ్చినది ఒక్కటి. పూర్తయిన వీడియోతో వారు తృప్తిపడలేదు. ఆ వీడియో ఏ ముక్కలతో కూర్చబడినదో ఆ మూల ఫైళ్ళను కూడా ఉమ్మడి భాండాగారంలో ఉంచదలచారు. వేరొక గ్రంథాలయంవారు వాటిని తెచ్చుకొని, తమకు అక్కరలేనిది తీసివేసి, తమ సంగతి చేర్చుకొని వాడుకోవచ్చును. ఇంటికి వండిన పులుసు పంపడానికి, పులుసుకు కావలసిన దినుసులు పంపడానికి ఉన్న తేడా ఇది. వండిన పులుసులో ఉప్పెక్కువైతే పుచ్చుకొన్నవారు చేయగలిగినది లేదు.

ఈ జాగ్రత్త ఎందుకంటే, తెరమీది రూపం నిలకడ లేనిది. నిన్న కుడివైపు ఉన్న బొత్తాం నేడు ఎడమవైపుకు పోతుంది, పేరు మార్చుకొంటుంది, ఒక్కొక్కప్పుడు మాయమవుతుంది. పాఠం మాత్రం పాత బొత్తామునే నొక్కమంటుంది. మూలముక్కలు చేతిలో ఉంటే ఆ అర నిమిషం మట్టుకు మార్చి మళ్ళీ అతకవచ్చును. లేకపోతే పాఠమంతా పారవేయవలసినదే. యూట్యూబులో ఒకసారి ఉంచిన వీడియోకు బదులు సరిదిద్దిన వీడియోను అదే చిరునామాలో నిలిపే వీలు లేదు. ఇక దాచుకొన్న చోటే మూతపడడం మరియొక అపాయం. గ్రంథపాలకులతో సహా ఎంతోమంది తమ పాఠాలు ఉంచుకొన్న బ్లిప్ అనే వీడియో సంస్థ 2015లో తలుపులు మూసినది. తమ ఇంట ప్రతి ఉంచుకోనివారి పాఠాలు దానితోపాటే పోయినవి.

మన దేశంలో ఈ పనికి మంచి నమూనా ఉన్నది. బొంబాయి ఐఐటీవారు ఆరంభించిన 'స్పోకెన్ ట్యుటోరియల్' అనే పాఠాల వరుస మొదట ఉద్దేశించినది కంప్యూటరు విద్యకు. అయినా అందులో గ్రంథపాలకులకు పనికివచ్చే 'కోహా' పాఠాలు కూడా ఉన్నవి. కోహా అంటే గ్రంథాలయపు జమాఖర్చులన్నీ చూచే సాఫ్ట్‌వేరు: పుస్తకం పేరు నమోదు, ఇవ్వడం, పుచ్చుకోవడం, వెతకడం. న్యూజిలాండులోని హొరోవెనువా అనే చిన్న ప్రాంతపు గ్రంథాలయం కోసం తయారై, 2000 జనవరి 3వ తేదీన వాడుకలోకి వచ్చినది. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చును, మార్చుకోవచ్చును. ఆ దేశపు మావోరీ భాషలో కోహా అంటే కానుక.

ఈ పాఠాలు తయారు చేసే విధానం మావంటి ప్రసారకులకు ప్రత్యేకంగా ఆసక్తి కలిగించేది. ఒక్కొక్క పాఠం సుమారు పది నిమిషాలకు మించదు. దానికి ముందు వ్రాతప్రతి ఉంటుంది. కాగితం నడుమ గీత గీచినట్లు రెండు వరుసలు: ఎడమవైపు తెరమీద కనబడేది, కుడివైపు వినబడేది. మాట చెప్పేలోపు బొమ్మ మారిపోకుండా, బొమ్మ వచ్చేదాకా మాట ఎదురుచూడకుండా ఈ రెండు వరుసలూ కాపలా కాస్తాయి. రేడియో నాటకం వ్రాసినవారికి ఈ కాగితం పరిచితమే. మాటకు ఎదురుగా తలుపు చప్పుడు వ్రాసుకొంటాము కదా.

వ్రాతప్రతి పూర్తికాగానే దానిని ఆ విద్య తెలియనివారి చేతిలో పెడతారు. తెలిసినవారు చదివితే తప్పు కనబడదు, ఎందుకంటే వ్రాతలో విడిచిపోయిన మెట్టును వారి బుద్ధి తనంతట తానే ఎక్కివేస్తుంది. తెలియనివాడు ఆ మెట్టు దగ్గర ఆగిపోతాడు. అతడు ఆగిన చోటనే వ్రాత దిద్దాలి. ఈ పరీక్ష తరువాతనే కంఠం, ఆ తరువాతనే వీడియో. మా ఉద్యోగజీవితంలో ఇటువంటి పరీక్షకు నిలవకుండానే ప్రసారమైన ప్రసంగాలు కొన్ని ఉన్నవని ఒప్పుకోవడానికి మాకు సిగ్గు లేదు. ఒకసారి ఒక దరఖాస్తును గురించిన మా ప్రసంగంలో "వచ్చే నెల పదవ తేదీలోగా" అని చదివాము. అది నిలువ ఉండి మరుసటి యేడు కూడా ప్రసారమైనది. శ్రోతలు కొందరు నిజమేననుకొని పోస్టాఫీసులకు పరుగెత్తారు. ఉత్తరాలు వచ్చినవి; వాటిలోని మాటలు ఇక్కడ వ్రాయము. నిలువ ఉండే మాటలో 'నిన్న', 'వచ్చే నెల', 'ఈమధ్య' అనే పదాలు ఉండరాదని మేము నేర్చుకొన్నది ఆనాడే.

స్పోకెన్ ట్యుటోరియల్ వారు ఒక్క వీడియోకే పలు భాషలలో కంఠం మార్చుతారు. బొమ్మ ఒకటే, తెలుగులో చదివిన మాటను ఇంగ్లీషు మాట స్థానంలో ఉంచుతారు. ఇందువలన ఖర్చు ఎంతో తగ్గుతుంది. ఒక చిన్న చిక్కు మాత్రం ఉన్నది. వినబడేది తెలుగు, తెరమీద కనబడేది ఇంగ్లీషు. భాషాభిమానం చేత "అన్వేషణ మీట నొక్కండి" అని చదివితే వినేవారు ఆ మాటకోసం తెరంతా గాలిస్తారు. అక్కడ ఉన్నది 'సెర్చ్'. ఈ విషయంలో మా అభిప్రాయం స్పష్టం. తెరమీద ఏ మాట ఉన్నదో ఆ మాటనే పలకాలి, దాని అర్థం ఒక్కసారి తెలుగులో చెప్పి ముందుకు పోవాలి. పాఠం వినేవాడు భాషను పరీక్షించడానికి రాలేదు, పుస్తకం కోసం వచ్చాడు.

ఇప్పుడు ఆ అమ్మాయి సంగతి. తెలుగు లిపిలో వెతికితే ఆ పుస్తకం ఎందుకు రాలేదు?

2000 తరువాతి సంవత్సరాలలో భారత డిజిటల్ గ్రంథాలయం అనే పేరుతో, హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ వంటి సంస్థల పాలుపంపులతో, వేలకొలది తెలుగు పుస్తకాలను పుటపుటనా బొమ్మ తీసి కంప్యూటరులో ఉంచారు. మహత్తరమైన పని. ఆ గ్రంథాలయపు సొంత వెబ్‌సైట్ తరువాత మూతపడినా, పుస్తకాల ప్రతులు అమెరికాలోని ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే భాండాగారంలో నిలిచి ఉన్నవి. కాని ఆనాడు పుస్తకం పేరును, రచయిత పేరును చాలావరకు ఇంగ్లీషు అక్షరాలలో నమోదు చేశారు. చేసినవారు ఎందరో, పద్ధతి ఒకటి కాదు. 'గ్రంథాలయము' అనే మాటలో 'థ' కోసం ఒకరు 'టి' మాత్రమే వ్రాశారు, ఒకరు 'టి' ప్రక్కన 'హెచ్' చేర్చారు, మరొకరు 'డి' ప్రక్కన 'హెచ్' పెట్టారు. చివర 'ము' కొందరికి ఉన్నది, కొందరికి ఉత్త 'మ్' అయినది. దీర్ఘానికి 'ఎ' అక్షరాన్ని రెండుసార్లు వ్రాసినవారున్నారు, ఒక్కసారితో సరిపెట్టినవారున్నారు. 'శ'కారం ఒకచోట 'ఎస్', ఒకచోట 'ఎస్-హెచ్'. పుస్తకం అక్కడనే ఉన్నది. మనం పిలిచే పేరుతో పిలిస్తే మాత్రం పలకదు.

దీనికి కొన్ని కిటుకులు ఉన్నవి. పేరంతా టైపు చేయకుండా అందులో తేలికైన ఒకటి రెండు మాటలతో ఇంగ్లీషు అక్షరాలలో వెతకాలి. రాకపోతే ఒత్తక్షరం తీసివేసి చూడాలి, తరువాత చేర్చి చూడాలి. చివరి 'ము' వదలివేయాలి. అప్పటికీ రాకపోతే రచయిత ఇంటిపేరుతో ప్రయత్నించాలి; ఇంటిపేరుకు కూడా ఇదే అవస్థ ఉన్నదని మరువరాదు. మేము సాయంత్రం ఇంటికి వచ్చి ప్రయత్నిస్తే ఆ వ్యాకరణ గ్రంథం నాలుగవసారికి దొరికినది. ఒకటి కాదు, రెండు వేరువేరు అక్షరక్రమాలతో రెండు ప్రతులు.

ఈ పాఠం కెనడావారు చేసి పంపరు. బొంబాయివారికి తోచదు. 'థ'కు 'ధ'కు తేడా తెలిసి, ఆ తేడా ఇంగ్లీషు అక్షరాలలో ఎట్లా కలగాపులగం అవుతుందో ఎరిగిన తెలుగు గ్రంథపాలకులే దీనిని చేయాలి. ఒక్కసారి ఒకరు చేస్తే శ్రీకాకుళం మొదలు ఆదిలాబాదు వరకు, చెన్నపట్నంలోను బళ్ళారిలోను ఉన్న తెలుగువారికి, అమెరికాలో తాతగారి పుస్తకం కోసం వెతుక్కొనే మనుమనికి కూడా పనికివస్తుంది.

దీనికి తోడు చెప్పవలసిన చిన్న పాఠం ఒకటి ఉన్నది. గ్రంథపాలకులను తరచు వేధించే ప్రశ్న అది. ఏ పుస్తకాన్ని నిర్భయంగా ప్రతి తీసుకోవచ్చును? మన చట్టం ప్రకారం రచయిత జీవితకాలంలో ప్రచురించిన పుస్తకంమీద హక్కు ఆయన గతించిన సంవత్సరం తరువాత 60 సంవత్సరాలు నిలుస్తుంది. పైన చెప్పిన చిలకమర్తి వారు 1946లో కీర్తిశేషులయ్యారు. 2006తో గడువు నిండినది. 2007 నుంచి ఆ రచనలు అందరివీ. ఈ లెక్క తెలియక, అందరివీ అయిన పుస్తకాలను ముట్టడానికి జంకేవారున్నారు. ఇంకా హక్కు ఉన్న పుస్తకాలను సంకోచం లేకుండా పంచేవారూ ఉన్నారు. తెరమీద ఉన్నంతమాత్రాన ఉచితమని అనుకోరాదు.

కోనసీమలో ఇది ఎట్లా మొదలు కావచ్చునో మేము ఊహించుకొన్నాము. ఇది ఊహయే కాని ఎక్కడనో జరుగుతున్న సంగతి కాదు. 2022 ఏప్రిల్ 4న ఈ ప్రాంతం అమలాపురం ముఖ్యపట్టణంగా వేరు జిల్లా అయినది. అమలాపురం, రాజోలు, కొత్తపేట గ్రంథపాలకులు ముగ్గురు మూడు పాఠాలు పంచుకొంటే చాలును. ఒకరు డిజిటల్ గ్రంథాలయంలో పేరు నమోదు, ఇంకొకరు పాత తెలుగు పుస్తకం వెతుకులాట. మూడవది, ఉద్యోగ ప్రకటన నిజమైనదో కాదో ప్రభుత్వపు అసలు వెబ్‌సైట్‌లో చూచుకొనే తీరు. ఈ మూడవది తెలియక మోసపోయే పిల్లలు ప్రతి ఊరిలోను ఉంటారు. ఒకరు వ్రాసినది మరొకరు తమ గ్రంథాలయంలో ఏమీ తెలియని పాఠకుని చేతికిచ్చి పరీక్షించాలి. వైనతేయం దాటి వచ్చేటప్పటికి వ్రాతలోని మెట్లు సరిపోయినవో లేదో తేలిపోతుంది.

పరికరాలకు పెద్ద ఖర్చు లేదు. తెరను పట్టడానికి ఓబీఎస్ స్టూడియో వంటి ఉచిత సాఫ్ట్‌వేరు ఉన్నది. కంఠానికి సెల్‌ఫోను చాలును. కాని కంఠాన్ని గురించి ఒక మాట మేము సాధికారంగా చెప్పగలము. వీడియోలో బొమ్మ మసకగా ఉంటే జనం ఓర్చుకొంటారు, మాట మసకగా ఉంటే ఓర్చరు. ఫంకా ఆపండి. కిటికీ మూయండి, కోనసీమలో కాకులు ఎవరి పాఠాన్నీ గౌరవించవు. గదిలో గోడలు బోసిగా ఉంటే దుప్పటి వేలాడదీయండి, ప్రతిధ్వని తగ్గుతుంది. ఫోను నోటికి జానెడు దూరాన, కొంచెం ప్రక్కగా ఉండాలి. ఎదురుగా పెట్టుకొంటే 'ప', 'ఫ' అక్షరాలకు గాలి కొట్టినట్లు వినబడుతుంది. ఒక మనిషికి చెప్పుతున్నట్లు చదవండి, సభకు చెప్పుతున్నట్లు కాదు. "ఇక్కడ నొక్కండి" అనవద్దు. కుడివైపు పైమూల ఉన్న బొత్తాం అని చెప్పితే చూపు ఆననివారికి కూడా కొంత దారి తెలుస్తుంది.

నిలువ చేసేటప్పుడు వ్రాతప్రతి వేరు, కంఠం వేరు, తెరబొమ్మ వేరు, అతికిన వీడియో వేరు, ఇట్లా నాలుగుగా దాచాలి. కనీసం రెండు చోట్ల ఉండాలి. పాఠం తయారైన తేదీ మొదటి బొమ్మమీద కనబడాలి; చూచినవారు అది ఎప్పటి మాటో తెలుసుకొని జాగ్రత్తపడతారు. ఏ గ్రంథాలయపు ఫోను నెంబరూ పాఠం నడుమ రాకూడదు. రాజోలువారి పాఠాన్ని మచిలీపట్నంవారు వాడుకోవడానికి అదే అడ్డం అవుతుంది. తమ పేరు చేర్చుకోదలచినవారికి చివర పది సెకనులు ఖాళీ ఉంచితే సరి. వ్రాతప్రతిని పెద్ద అక్షరాలతో అచ్చువేసి గోడకు అంటిస్తే, ఫోను లేని పాఠకునికి అదే పాఠం.

యంత్రం వచ్చి మనిషిని తరిమివేస్తుందని గ్రంథపాలకులలో కొందరికి భయమున్నది. మాకు ఆ భయం లేదు కాని, ఈ పాఠాలతో అన్నీ తీరిపోతాయన్న నమ్మకం కూడా లేదు. పేరు ఎట్లా నమోదు చేసుకోవాలని అడిగేవాడికి వీడియో చాలును. ఏమి చదవాలో తెలియక వచ్చి, మాట కోసం వెతుక్కొంటూ బల్లముందు నిలబడేవాడికి చాలదు. మేము కూర్చున్న ఆ మూడు గంటలలో అటువంటివారు ఇద్దరు వచ్చారు. ఒకరికి సమాధానం చెప్పేలోగా పేరు నమోదు అడిగేవాడు అడ్డువచ్చాడు. రెండవవాడు కొంతసేపు నిలబడి, పత్రిక తిరగవేసి వెళ్ళిపోయాడు. ఆ రెండవవాడు ఏమి అడగదలచాడో ఎవరికీ తెలియదు.

పదిరోజుల తరువాత మేము మళ్ళీ అటు వెళ్ళాము. పాత తెలుగు పుస్తకం వెతికే తీరుమీద రెండు వరుసల వ్రాతప్రతి ఒకటి మేమే వ్రాసి గ్రంథపాలకురాలికి చూపాము. ప్రసారకులము కదా, భాష బాగున్నదని మా నమ్మకం. ఆమె ఎర్ర సిరా కలం తీసి చదివారు. 'శోధన పేటిక' అని మేము వ్రాసినచోట కొట్టివేసి 'సెర్చ్ అని ఉన్న గడి' అని వ్రాశారు. 'లిప్యంతరీకరణ వైవిధ్యము' అన్నచోట 'ఒక్కొక్కరు ఒక్కొక్క స్పెల్లింగు' అయినది. నాలుగవ మెట్టు దగ్గర ఆగి, "దీనికి ముందు ఇంగ్లీషు కీబోర్డుకు మార్చుకోవాలండి, అది చెప్పలేదు మీరు" అన్నారు. నిజమే, చెప్పలేదు. ఆ కాగితాన్ని ఆ వ్యాకరణం అమ్మాయి చేతికిచ్చి, చదువుతూ చేయమన్నారు. ఏడవ మెట్టు దగ్గర ఆ అమ్మాయి తల ఎత్తి మావైపు చూచినది. మేము కాగితం వెనుకకు తీసుకొన్నాము.